పెద్దమ్మాయికి ఒంట్లో బాగాలేదు

ఆగస్టు 5, సోమవారం

పెదనాన్నకి, పెద్దమ్మకి నమస్కారాలు.

ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలని మా తెలుగు టీచర్ చెప్పింది. అమ్మ క్షేమం, అమ్మ కుట్టుమిషన్ క్షేమం, నేను కూడా బాగానే ఉన్నాను. మన లారీ ఒక్కటే క్షేమంగా లేదు. అందుకే రాస్తున్నాను.

నా చేతిరాత మీరెప్పుడూ చూడలేదు కాబట్టి చెప్తున్నా, నేను మీ తమ్ముడి కూతుర్ని. మా స్కూల్లో అన్నీ ఇంగ్లీషులోనే, తెలుగు పేరుకే ఉంటుంది. మాట్లాడినట్టే రాస్తాను, ఒత్తులు తప్పుంటే మీరే సర్దుకోండి. ఫోన్ చేద్దామంటే ఇన్నేళ్లు ఇంజిన్ల పక్కన బతికి మీకు ఫోన్‌లో మాట వినపడదు. మెసేజ్ పెడదామంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో ఉంటుంది. అందుకని ఇది మీ ఊరి బస్సు కండక్టర్ చేతికి ఇస్తున్నా. మా స్కూలు బస్టాండు వెనకే. జవాబు కూడా ఆయనకే ఇవ్వండి. దయచేసి ఇంటికి మాత్రం పంపకండి.

నేను రాసినట్టు నాన్నకి తెలియకూడదు. పోయినసారి మీరొచ్చి ఇంజిన్ చూసి, ఇంకా దీన్ని పట్టుకుని ఎందుకురా వేలాడతావు, అమ్మెయ్ అన్నారు కదా. నాన్న అన్నం మధ్యలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు కదా. ఆ కోపం ఇంకా దిగలేదు. మీ మాట వస్తే చాలు, గోడ మీద క్యాలెండర్ చదవడం మొదలుపెడతాడు.

ఇక జబ్బు సంగతి. నాన్న లారీని పెద్దమ్మాయి అంటాడని మీకు తెలుసు, నాకంటే ముందు ఇంటికొచ్చింది కాబట్టి. నేను చిన్నమ్మాయిని. పెద్దమ్మాయికి ఇప్పుడు రెండు రోగాలు. పొద్దున్నే స్టార్ట్ అవ్వదు. బ్యాటరీ మంచిదే, సెల్ఫ్ కొడితే గిర్రున తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. నాన్న దిగి, బానెట్ ఎత్తి, డీజిల్ చేతిపంపు కొట్టీ కొట్టీ మళ్ళీ తిప్పితే అప్పుడు తెల్లటి పొగ కక్కుతూ లేస్తుంది. ఒకసారి లేచిందంటే ఆ రోజంతా ఎన్నిసార్లు ఆపినా టక్కున అందుకుంటుంది.

రెండోది, లాగదు. చదునులో బాగానే పోతుంది. లోడుతో ఎత్తు ఎక్కమంటే నీరసం. పోయిన ఆదివారం నేను కూడా నాన్నతో వెళ్ళాను. క్వారీ దగ్గర ఎత్తు మీద బండి మూలుగుతూ మూలుగుతూ వెళ్ళి ఆగిపోయింది. తర్వాత వెనక్కి జారింది పెదనాన్నా. నాన్న బ్రేకు పట్టేసరికి కాస్త దూరం జారిపోయాం. నేను కిందికి దూకి చెక్క దిమ్మ తీసి వెనక చక్రం కింద పెట్టాను. నాన్న నవ్వి, ఏం లేదమ్మా, పెద్దమ్మాయి అలిగింది అన్నాడు. కానీ ఆయన చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

ఈ నెలాఖరు సోమవారం నుంచి నాన్న కొండ మీద కట్టే బిల్డింగుకి కంకర తోలాలి. ఆ రోడ్డు మీకు తెలుసు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. అక్కడ జారితే దిమ్మ పెట్టడానికి నేనుండను. నాకు భయంగా ఉంది. అమ్మకి చెప్తే అమ్మ ఏడుస్తుంది, నాన్నకి చెప్తే నాన్న నవ్వుతాడు. బండి గురించి తెలిసింది మీకే.

నవ్వొచ్చే సంగతి ఒకటి కూడా చెప్పాలి. నాన్న ఈ మధ్య ఒంటి చెప్పుతో ఇంటికొస్తున్నాడు. కుడికాలి చెప్పు ఎక్కడో జారిపోతుంది, ఈయనకి తెలియనే తెలియదు. ఈసారి నుంచి చెప్పుకి తాడు కట్టి మెడలో వేసి పంపిస్తానని అమ్మ అంటోంది. ఎడమకాలి చెప్పులు మాత్రం మా అరుగు కింద బోలెడు ఉన్నాయి.

జవాబు రాస్తారు కదూ.

మీ చిన్నమ్మాయి


ఆగస్టు 9, శుక్రవారం

పెదనాన్నకి నమస్కారం. పెద్దమ్మ కవర్లో పెట్టిన పెన్నుతోనే ఇది రాస్తున్నానని చెప్పండి.

కండక్టర్‌గారు మీ కవరు ఇస్తూ, ఏంటమ్మా, ఈ కాలంలో ఉత్తరాలా, ఎవరేంటి అని ఒక రకంగా చూశాడు. మా పెదనాన్న అంటే నమ్మలేదు. కవరు మీద గ్రీజు వేలిముద్ర చూపించాక నమ్మాడు.

మీరు రాసింది కంఠతా పట్టేశాను. రెండు రోగాలూ ఒకటే అనుకోకు, ఒకసారి ఒక్కటే మార్చు, మార్చాక అదే లోడు, అదే ఎత్తు, అప్పుడు చూడు. అన్నీ ఒకేసారి పీకి మారిస్తే బండి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. ముందు స్టార్టింగ్ సంగతి చూడమన్నారు కాబట్టి అదే చూశాం.

నాన్నతో ఫిజిక్స్ ప్రాజెక్ట్ అని అబద్ధం చెప్పాను. ద్రవాల్లో గాలి బుడగలు అని టాపిక్ పేరు కూడా కల్పించేశా. నాన్న ఎంత పొంగిపోయాడంటే, మా అమ్మాయి స్కూల్లో పెద్దమ్మాయి మీద ప్రాజెక్ట్ చేస్తోంది అని వీధిలో కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. పాలు పోసే ఆవిడక్కూడా చెప్పాడు. 

మీరు చెప్పినట్టే ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య పైపు తీసి, ఆ చోట అద్దంలా లోపలిదంతా కనపడే ప్లాస్టిక్ ట్యూబు పెట్టాం. సెల్ఫ్ కొడితే డీజిల్‌తో పాటు బుడగలు! సోడా సీసాలో లాగా గుడగుడా వస్తున్నాయి. నాన్న నోరు తెరిచాడు. ఇంత గాలి ఎక్కడ తాగుతోందే ఇది, కింద ఒక్క చుక్క డీజిల్ కూడా కారలేదే అన్నాడు. నేను వెంటనే మీ మాట నా మాటలా చెప్పేశాను. లోపలికి పీల్చే చోట గాలి దూరుతుంది గానీ డీజిల్ బయటికి కారదు నాన్నా, అందుకే కంటికి దొరకదు అని. నాన్న నన్ను కాసేపు చూసి, మీ మేడం ఎవరో గానీ గట్టిదే అన్నాడు. సారీ పెదనాన్నా, మిమ్మల్ని మేడం చేసేశాను.

ట్యాంకు నుంచి ఫిల్టర్‌కి వచ్చే రబ్బరు పైపు, ఫిల్టర్ దగ్గర క్లిప్ కింద సన్నగా పగిలి ఉంది. బండి ఆగి ఉన్నంతసేపూ ఆ సందులోంచి గాలి దూరి, పైపులో డీజిల్ అంతా ట్యాంకులోకి వెనక్కి జారిపోతోందన్నమాట. కొత్త పైపు వేశాం. ఇవాళ పొద్దున నాన్న సెల్ఫ్ తిప్పగానే బండి ఒక్క ఉదుటున లేచింది. అమ్మ చేతిలో దువ్వెనతోనే బయటికి పరిగెత్తుకొచ్చింది, ఏమైంది, చేతిపంపు చప్పుడు లేకుండా బండి చప్పుడేంటి అని.

కానీ లాగడం మాత్రం అలాగే ఉంది. అదే లోడు, అదే క్వారీ ఎత్తు. మూలిగి ఆగింది. ఈసారి దిమ్మ చేతిలో పట్టుకునే కూర్చున్నా.

తర్వాత ఏం చూడాలో రాయండి. పెద్దమ్మాయి వయసులో పెద్దదే గానీ ముసల్ది కాదని నాన్న అంటాడు. మీరు మళ్ళీ అమ్మెయ్ అనకండి, ప్లీజ్.

మీ చిన్నమ్మాయి


ఆగస్టు 16, శుక్రవారం

పెదనాన్నకి నమస్కారం. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?

మీరు రాసిన వరసలోనే చేశాం, ఒక్కోటి. ముందు డీజిల్ ఫిల్టర్ మార్చి ఎత్తు ఎక్కించాం. లాగలేదు. తర్వాత ఎయిర్ ఫిల్టర్ తీశాం. దాంట్లోంచి పిచ్చుక గూడంత చెత్త వచ్చింది. ఇదే, ఇదే అని నాన్న చంకలు గుద్దుకున్నాడు. శుభ్రం చేసి ఎక్కించాం. లాగలేదు. ప్రాజెక్ట్ ఇంకా ఎన్నాళ్ళమ్మా అని నాన్న అడుగుతున్నాడు. మార్కులు ఎక్కువ నాన్నా దీనికి అని చెప్పాను.

మూడోది ఇంజెక్టర్లు కాబట్టి స్టెప్నీ బాబాయ్ దగ్గరికి వెళ్ళాం. మీకు తెలియదు కదా, వీధి చివర గ్యారేజీ ఆయనది. మనిషి గుండ్రంగా ఉంటాడు, ఎప్పుడు చూసినా ఏదో ఒక బండి కింద పడుకుని ఉంటాడు, అందుకే ఆ పేరు. ఇంజెక్టర్లు విప్పడం పెద్ద పని, ముందు నేనొకసారి నడిపి చూస్తా అన్నాడు. లోడు దించలేదు. ఆయన స్టీరింగ్ దగ్గర, నేను మధ్యలో, నాన్న కిటికీ పక్కన.

పెద్దమ్మాయి ఎక్కేసింది పెదనాన్నా! క్వారీ ఎత్తు మీద గేరు కూడా తగ్గించకుండా గునగునా ఎక్కేసింది. నాకు కేకలు వెయ్యాలనిపించింది. స్టెప్నీ బాబాయ్ పైన బండి ఆపి, ఏంటన్నా, బండికి రోగమా, నీ మీద కోపమా, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నాక అలకలు తప్పవు మరి అని పెద్దగా నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. కానీ ఇంటికొచ్చి టీ కూడా వద్దన్నాడు.

మర్నాడు నాన్న నడిపాడు. లోడు అదే, ఎత్తు అదే. లాగలేదు.

ఇదెలా అవుతుంది? మధ్యలో మేమేమీ మార్చలేదు. నడిపే మనిషి తప్ప.

ఇంకోటి. నిన్న నాన్న బండి కింద దూరి పని చేసుకుంటుంటే నేను స్పానర్లు అందిస్తున్నా. అప్పుడే ఆపిన బండి, పైపులన్నీ కాలుతున్నాయి. ఏదో మాడిన వాసన వచ్చింది. నాన్నే కింద నుంచి, ఏ రబ్బరో కాలుతున్నట్టుంది, చూడమ్మా అన్నాడు. చూస్తే రబ్బరు కాదు, సైలెన్సర్ పైపుకి ఆనుకున్న నాన్న కుడి మడమ. నేను అరిస్తే తీశాడు. పెద్ద బొబ్బ లేచింది. అమ్మ మందు రాస్తూ, ఒంటి మీద ధ్యాస ఉంటే కదా, ఉన్న ధ్యాసంతా ఆ ఇనప కూతురి మీదే అని తిట్టింది. నాన్న, డ్రైవర్ల కాళ్ళు మొద్దుబారి ఉంటాయే, నీకు తెలియదు అన్నాడు.

ఎందుకు రాశానో తెలియదు. రాయాలనిపించింది.

సోమవారం ఇంకెంతో దూరం లేదు. తొందరగా రాయండి.

మీ చిన్నమ్మాయి


ఆగస్టు 24, శనివారం

పెదనాన్నగారికి, పెద్దమ్మగారికి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నాన్న నా పక్కనే కూర్చుని చెప్తున్నాడు, నేను రాస్తున్నాను. మీరు పైపులు గీసి పంపిన కాగితం నా ఫిజిక్స్ పుస్తకంలోంచి జారి పడింది. మీ గీత చూడగానే నాన్న గుర్తుపట్టాడు. తిట్టలేదు. చాలాసేపు ఆ కాగితం చూసి, ఫిల్టర్‌ని ఇప్పటికీ గుమ్మడికాయలాగే గీస్తాడు అన్నాడు.

అన్నయ్యకి నమస్కారం అని రాయమన్నాడు. తర్వాత వద్దు, ఎలా ఉన్నారని నువ్వే అడిగినట్టు రాయి అన్నాడు. తర్వాత, సరే, రాసేశావుగా, నమస్కారం ఉంచు అన్నాడు.

మీరు పోయిన జవాబులో చెప్పిన పరీక్ష కూడా చేశాం. యాక్సిలరేటర్ కేబుల్ కొంచెం సాగింది. దాన్ని కురచ చేసి బిగించాం. ఇప్పుడు బండి బాగా లాగుతోంది. నిన్న నాన్నే లోడుతో క్వారీ ఎత్తు ఎక్కించాడు. కాబట్టి బండికి వయసైపోలేదని, అమ్మాల్సిన పని లేదని అన్నయ్యకి తెలిసేట్టు రాయమంటున్నాడు. ఎల్లుండి సోమవారం నుంచి కొండ మీదికి కంకర తోలుతున్నాడు. మీరు దిగులు పడి అంత దూరం నుంచి రానక్కర్లేదు. పని అయ్యాక నాన్నే పెద్దమ్మాయిని తీసుకుని మీ ఇంటికి వస్తాడట. ఈ మాట మాత్రం నాన్న రెండుసార్లు చెప్పాడు.

నాన్న మొత్తం చదివి బాగుంది అన్నాడు. కవరు అతికిస్తున్నాను.

మీ చిన్నమ్మాయి

తా.క. కవరు మళ్ళీ విప్పాను. ఇప్పుడు బస్టాండు బెంచీ మీద ఉన్నా, బస్సు ఇంకా రాలేదు. పైన రాసిందంతా నాన్న చెప్పింది. ఇది నేను చెప్పేది.

మీ పరీక్ష మీరు రాసినట్టే చేశాం. ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి నేను డీజిల్ పంపు దగ్గర నిలబడ్డా. నాన్న లోపల యాక్సిలరేటర్ తొక్కాలి, పంపు మీద లివర్ వెళ్ళి బోల్టుకి తగలాలి, అప్పుడే ఇంజిన్‌కి డీజిల్ పూర్తిగా అందుతున్నట్టు. తగల్లేదు. వేలు పట్టేంత సందు ఉండిపోయింది. ఫుల్‌గా తొక్కు నాన్నా అని అరిచాను. తొక్కానే, పెడల్ నేలకి అంటుకుపోయింది, ఇంకెక్కడికి తొక్కమంటావు, రోడ్డులోకా అన్నాడు. మళ్ళీ అరిచాను. మళ్ళీ అదే సందు.

నాన్న కేబుల్ చూద్దామని స్పానర్ కోసం ఇంట్లోకి వెళ్ళాడు. నేను జాకీ రాడ్ తీసుకెళ్ళి సీటుకీ పెడల్‌కీ మధ్య అడ్డంగా బిగించి, వచ్చి చూశాను. లివర్ బోల్టుకి తగిలి ఉంది పెదనాన్నా. కేబుల్ సాగలేదు. ఏమీ సాగలేదు. రాడ్ తీసేసి, నాన్న వచ్చాక, అవును నాన్నా, కేబులే లూజు అన్నాను. 

సాయంత్రం నాన్న పేపర్ చదువుతుంటే కింద కూర్చుని హోంవర్క్ చేస్తున్నట్టు నటించాను. పెన్సిల్ మొనతో నాన్న కుడి అరికాలు మీద గుచ్చాను. పేపర్ పేజీ తిప్పాడు. ఇంకొంచెం గట్టిగా గుచ్చాను. ఏమీ లేదు. తర్వాత ఎడమ కాలు. ఒకసారి ఒక్కటే, మీరు చెప్పినట్టే. ఎడమకాలికి తగలగానే కెవ్వుమన్నాడు.

అప్పుడు నా మొహం చూశాడు, పెన్సిల్ చూశాడు. పేపర్ మడిచేశాడు. కొన్నాళ్ళుగా తిమ్మిరి అనుకుంటున్నానమ్మా, కాలు ఉన్న సంగతి కళ్ళతో చూస్తే గానీ తెలియట్లేదు, ఈ కంకర పని అయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్తా, అమ్మకి చెప్పకు అన్నాడు. చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. పెద్దమ్మాయి నా పరువు కాపాడింది, నువ్వు కూడా కాపాడు అన్నాడు. నాన్న అలా అడగడం నేనెప్పుడూ చూడలేదు. సరే అన్నాను. అమ్మకి చెప్పనని ఒట్టు వేశాను. మీకు చెప్పనని వెయ్యలేదు.

కేబుల్ కురచ చేశాక ఆయన తొక్కే ఆ కాస్తకే లివర్ తగులుతోంది, అందుకే బండి లాగుతోంది. నాన్న సంతోషం చూడాలి మీరు. నాకు అసలు భయం అప్పుడే పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఎక్కడం గురించే భయపడ్డాను. కొండ దిగాలి కూడా కదా. బ్రేకు మీద ఉండేది కూడా ఆ కాలే. బ్రేకుని కురచ చేసేదెవరు?

అందుకని ఇందాక నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు ఒక పని చేశాను. ట్యాంకు మూతి దగ్గర, లారీ బాడీ చెక్క వెనకాల ఉండే పైపు, మీరు కాగితంలో గీసిందే, దాన్ని ఊడబీకాను. ముందు సగం లూజు చేద్దామనుకున్నా. సగమైతే నాన్న చేతిపంపు కొట్టి స్టార్ట్ చేసేస్తాడు, తర్వాత ఏ మలుపులోనో ఆగిపోతుంది. అందుకని పూర్తిగా లాగేసి, క్లిప్ బిగించే ఉన్నట్టు కనపడేలా పెట్టాను. డీజిల్ కారట్లేదు, చూశాను. రేపు కడగడానికి బండి తీస్తే రేపే తెలుస్తుంది, లేకపోతే సోమవారం పొద్దున. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. చేతిపంపు ఎంత కొట్టినా గాలే వస్తుంది. నాన్న ముందు కొత్త పైపు దగ్గరే వెతుకుతాడు. ఎక్కువసేపు మోసపోడు గానీ, మీరు వచ్చేదాకా చాలు.

రేపటి బస్సుకి వచ్చెయ్యండి. బండి స్టార్ట్ అవ్వట్లేదని చిన్నమ్మాయి ఏడుస్తోంది, అందుకొచ్చా అనండి. ఆ మాటకి నాన్న కాదనడు. మీరొస్తే క్యాలెండర్ చదవడు, నాకు తెలుసు, గుమ్మడికాయ చూసి నవ్వాడు కదా. అమ్మెయ్ అనకండి. కంకర మీరు తోలతారో, స్టెప్నీ బాబాయ్‌ని అడుగుతారో మీ ఇష్టం.

బస్సు వచ్చేసింది. పెదనాన్నా, వచ్చాక ముందు బానెట్ ఎత్తకండి. నాన్నని కూర్చోబెట్టి కుడికాలి చెప్పు విప్పించండి. పెద్దమ్మాయి ఒంట్లో బాగానే ఉంది.